కొడిశ చెట్టు: అడవి మూలికల గుర్తింపు, సంరక్షణము



అడవి మూలికలనుగూర్చి ముచ్చటింపుమని నన్ను కోరియున్నారు. తూర్పు కనుమలలోని మూలికలను పేరుపేరున చెప్పబూనినచో నాకిచ్చిన యీ స్వల్పకాలము వాని పట్టికకే చాలదు. కావున నేనొక్క చెట్టును ముందిడుకొని, దానివెంట నడచుచు, దారిలో తగిలిన మరి నాలుగింటిని మాత్రము చూపెదను. ఆ చెట్టు కొడిశ. మీలో పెక్కుమంది దాని నెరుగుదురు. ఎరుగుదుమని తలంచువారు అంతకంటె నెక్కువమంది యుందురు. చిక్కంతయు అక్కడనే యున్నది.

జిగట విరేచనములకును, రక్తము పడు విరేచనములకును కొడిశచెక్కను మించిన మందు లేదని మన పెద్దలు నమ్మిరి. చెక్కను మజ్జిగతో నూరి యిచ్చెడివారు. కషాయము కాచి యిచ్చెడివారు. గింజలను వేయించి పొడిచేసి తేనెతో నిచ్చెడివారు. సంస్కృతమున దీనికి కుటజమని పేరు. బాల్యమున అమరకోశమును వల్లించినవారికి ద్వితీయకాండములోని వనౌషధివర్గము జ్ఞప్తియందుండును. అందు వత్సకము, గిరిమల్లిక యనునవి ఈ చెట్టునకు పర్యాయపదములుగను, కలింగము, ఇంద్రయవము, భద్రయవము అనునవి దీని ఫలమునకు పేర్లుగను చెప్పబడినవి. కలింగమను పేరెట్లు వచ్చినను, శ్రీకాకుళము మొదలుకొని గోదావరివరకు గల కొండలలో నేటికిని ఈ చెట్టు తెల్లని పూగుత్తులతో కానవచ్చుచున్నది. కుటజారిష్టమను పేర దీనితో కాచిన మందు ఆయుర్వేదపు అంగళ్లలో నేటికిని దొరకును.

ఇక చిక్కునకు వత్తును. కొడిశ యను మాట మన సీమలో ఒక్క చెట్టునకే కట్టుబడి యుండలేదు. కుటజమును కొడిశపాల యనియు, పాలకొడిశ యనియు అందురు. దానికి దగ్గరి చుట్టమగు అంకుడుచెట్టు మరియొకటి గలదు. దానిని రేపాల యనియు, తెడ్లపాల యనియు, కొన్ని తావులలో పాలకొడిశ యనియే పిలుతురు. వరాహానది యొడ్డున ఏటికొప్పాక గ్రామమున లక్కబొమ్మలు చేయు మెత్తని తెల్లకొయ్య యీ అంకుడుదే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మలకు మిక్కిలి మేలైన యీ చెట్టు, విరేచనములకు మాత్రము కుటజమునకు సాటిరాదు. రూపమున పోలిక యుండుటచే దీని పట్టను కుటజపు పట్టలో కలిపి యమ్ముట చిరకాలమునుండి జరుగుచున్న మోసము. ఉత్తరదేశపు వర్తకులు గింజలను చేదు ఇంద్రజౌ, తీపి ఇంద్రజౌ అని రెండుగా విడదీసి పేర్కొందురు. చేదైనది కుటజము, తీపి యనునది అంకుడు.

మూడవది కడిశె. దీనిని ఒడిశ యనియు అందురు. నోట పలుకునప్పుడు కొడిశకును కడిశెకును భేద మెంత స్వల్పమో మీరే గమనింపుడు. గుణమున నున్న భేదము మాత్రము ప్రాణమునకును మరణమునకును గల భేదమే. కడిశె ఆకును, కాయయు, పట్టయు గొప్ప విషములు. కొండవారు పూర్వము వీనిని దంచి మడుగులలో వేసి చేపలను మత్తుగొలిపి పట్టెడివారు. ఆ విషము మనుష్యుని గుండెను, మూత్రపిండములను చెరచును. దానికి ప్రత్యేకమైన విరుగుడు నేటివరకును లేదు. ఊళ్లలో పందిరిగుంజలకును, ఇంటి దూలములకును దీని గట్టికొయ్యను వాడుదురు గనుక చెట్టు మనకు క్రొత్తది కాదు, పేరు క్రొత్తది కాదు. పట్టణమునుండి వచ్చిన పడుచువాడు పుస్తకములో కొడిశ యని చదివి, ఊరిలో నెవరినో అడిగి, వారు చేయిచూపిన చెట్టునుండి పట్ట ఒలుచుకొని పోయినచో నేమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

వీనిని పోల్చుకొనుటకు వృక్షశాస్త్రపు చదువేమియు అవసరము లేదు. మొదట కొమ్మను చూడుడు. కుటజమునకును, అంకుడునకును ఆకులు రెండేసి యెదురెదురుగ పుట్టును. కడిశెకు ఒక్కొక్క కణుపున ఒక్కొక్కటే, అటునొకటి యిటునొకటిగ పుట్టును. ఆకు త్రుంచినచో మొదటి రెంటికిని తెల్లని పాలు కారును. కడిశెకు పాలు లేవు. కుటజపు కాయలు జానెడుకు మించి సన్నగ జంటజంటలుగ వ్రేలాడును, జంటలోని రెండును విడివిడిగనే యుండును. అంకుడు కాయలును జంటయే గాని, పండువరకు వాని కొనలు రెండును అతుకుకొని యుండి, పిమ్మట విడిపోవును. కడిశెకాయ వీనికేమియు పోలదు. మూడు గదులుగల గట్టి బుడిపె వంటిది, ఎండి మూడు చీలికలుగ పగులును. పూలకాలమైనచో అంకుడు పువ్వు నడుమ చిన్న కుచ్చు వంటిది కనబడును, కుటజపు పువ్వున అది లేదు. రుచిచూచి తేల్చుకొందుమని కొందరందురు. పేరు తెలియని చెట్టుపట్టను నోట పెట్టుకొను నలవాటును నేనెన్నడును మెచ్చను.

నా వృత్తి వృక్షశాస్త్ర బోధనము, వైద్యము కాదు. కాబట్టి యొకమాట యిక్కడనే చెప్పి సాగెదను. విరేచనములు పట్టుకొన్నవారికి, అందును పసిబిడ్డలకు, నేడు చేయవలసిన మొదటి పని ఉప్పు పంచదార కలిపిన నీరు కొంచెము కొంచెముగ త్రావించుచు ఆసుపత్రికి గొనిపోవుట. కొడిశనుగూర్చి నేను చెప్పునది దానికి బదులుగ వాడుకొనుటకు గాదు.

ఈ పేర్ల తికమక మన పల్లెలకే పరిమితమని తలంపకుడు. ఐరోపావారు మలబారు తీరమునుండి కుటజపు పట్టను తమ దేశమునకు కొనిపోయిరి. తెల్లిచెర్రి పట్టయని అక్కడ దానికి పేరు వచ్చెను. వృక్షములకు జంటపేర్లు పెట్టు పద్ధతిని 1753లో స్థిరపరచిన లిన్నేయసు అంతటివాడే ఈ చుట్టముల నొక్క పేరుక్రింద కలిపివేసెను. అంగడిలో అంకుడు పట్టయు కుటజపు పట్టయు నొకటిగనే అమ్ముడుపోయెను. మందు పనిచేయకపోవుట చూచి అక్కడి వైద్యులలో దానికి గల ప్రతిష్ఠ సన్నగిల్లెను. 1810లో రాబర్టు బ్రౌను అను శాస్త్రజ్ఞుడు పువ్వులను, గింజలను పరీక్షించి రెండు జాతులను వేరుచేసి, ఒకదానికి హోలరీనా యనియు, రెండవదానికి విలియం రైటు అను వైద్యుని పేర రైటియా యనియు పేర్లు పెట్టెను. అయినను 1858లో బొంబాయిలో హెయిన్సు అనునాతడు కుటజపు చేదుసారమును వేరుచేసినప్పుడు, ఆ సారమునకు రైటిన్ అను పేరే వ్యాపించెను! తప్పుపేరు ఒకసారి అంటుకొన్నచో ఎంత గట్టిగ పట్టుకొనునో చూచితిరిగదా. నేడు దానిని కోనెస్సీన్ అందురు. పట్టలోని గుణమునకు ముఖ్యాధారము అదియే.

మూలికలను వర్గములుగ విభజించుట మన పూర్వులకు తెలియనిది కాదు. చరకుడు వృక్షజాతిని నాలుగు తెగలుగ చెప్పెను: పూవు కనబడక కాయు వనస్పతులు, పూచి కాయు వానస్పత్యములు, పండిన పిమ్మట నశించు ఓషధులు, ప్రాకి విస్తరించు వీరుధములు. మరల మందుల పనినిబట్టి పదేసి మూలికలుగల యేబది గణములను కూర్చెను. ఈ విభాగము వైద్యునికి కావలసినది. ఏ రోగమునకు దేనిని వెదకవలెనో అది చెప్పును. చేతిలోని కొమ్మ యేదో తేల్చుకొనవలసిన మూలికలవాని కది చాలదు. వానికి ఆకు పుట్టుక, పువ్వు పొందిక, కాయ పగులు తీరు కావలెను. ఆ పరిజ్ఞానము పూర్వము గ్రంథములలో గాక అడవిలో తిరుగు గొల్లల వద్దను, కొండవారి వద్దను ఉండెడిది. మూలికల పేరును రూపమును వారినడిగి తెలిసికొనవలెనని చరకుడే చెప్పియున్నాడు. ఆ మాటను మన పండితులు చదివినంత యెక్కువగ పాటించినట్లు కానరాదు.

దానిని పాటించినవాడొక పరదేశి. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1781 ప్రాంతమున సామర్లకోటకు వచ్చి, 1793లో కలకత్తా తోటకు అధికారిగ పోవువరకు అచ్చటనే యుండి, ఉత్తర సర్కారుల మొక్కలను పరీక్షించెను. మన చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించెను. 1795 మొదలుకొని 1820 వరకు మూడు సంపుటములుగ వెలువడిన ఆయన కోరమండల తీరపు మొక్కల గ్రంథమున మూడువందల చిత్రములున్నవి. మొక్క వర్ణనముతోపాటు దాని తెలుగు పేరును గూడ అడిగి వ్రాసికొనుట ఆయన నియమము. రాజమహేంద్రవరపు కొండలలో సోమిద యను చెట్టుండును. దాని చేదు పట్టను మన్యపు జ్వరములకు వాడెడివారు. సింకోనా పట్టకు బదులుగ దీనిని వాడవచ్చునని ఆయన తలంచి యూరపుకు పంపెను. సింకోనాకు అది సాటిరాలేదు గాని పేరు మాత్రము నిలిచినది. నేడు ప్రపంచమంతట శాస్త్రజ్ఞులు ఆ జాతిని పిలుచు సోయ్‌మిడా యను పేరు, ఏ కొండవాడో రాక్స్‌బర్గునకు చెప్పిన మన తెలుగు మాటయే. ఆ చెప్పినవాని పేరును మాత్రము ఎవరును వ్రాసికొనలేదు.

పేరు తెలిసినంతమాత్రమున చెట్టు బ్రదుకునా? సర్పగంధ చరిత్రమును వినుడు. ఇది మోకాలెత్తు మొక్క. మన జనులు కొందరు దీనిని పాతాళగరుడి యందురు. సంస్కృత గ్రంథములలో పాతాళగరుడి యనగా దూసరతీగె. ఇదియును పేర్ల చిక్కే. దీని వేరును పిచ్చికిని, నిద్రలేమికిని వాడుట మన దేశమున పూర్వాచారము. 1931లో గణనాథసేనుడును, కార్తికచంద్ర బోసును ఈ వేరు ఉన్మాదమును, రక్తపుపోటును తగ్గించుననుటను ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు తన రోగులపై దాని ఫలితములను ఇంగ్లండు పత్రికలో వివరించెను. 1952లో స్విట్జర్లండున రిసర్పిన్ అను సారము వేరుచేయబడెను. అంతటితో దేశదేశములవారు ఆ వేరుకై ఎగబడిరి. వేరు కావలెనన్న మొక్కను పెల్లగింపవలెను. గింజ రాలకముందే పెల్లగించినచో మరుసటి యేటికి మొలక యుండదు. అడవులలో అది ఎంత అరుదైపోయినదనగా, 1990లో అంతర్జాతీయ వ్యాపారమును అదుపుచేయు ఒడంబడిక జాబితాలో దానిని చేర్చవలసివచ్చెను.

కాబట్టి మూలికలను విభజించుటకు నాకు మరియొక కొలత ముఖ్యముగ తోచుచున్నది: మందునకు మనము మొక్కనుండి యేమి తీసికొనుచున్నాము? ఉసిరిక, కరక్కాయ, తాండ్రకాయ యనువానిని కొమ్మలు నరకక కోసినంతకాలము చెట్టునకు హాని లేదు. తిప్పతీగె ముక్కను గట్టుమీద పారవేసినను చిగిర్చును. పొడపత్రి యాకును కొంత విడిచి కోసినచో తీగె మరల తేరుకొనును. ప్రమాదము వేరు వద్దను, పట్ట వద్దను ఉన్నది. రాయలసీమలో వేసవిని నన్నారి షర్బతు త్రాగనివారెవరు? అసలు నన్నారి సుగంధిపాల తీగె వేరు. నేటి షర్బతులలో ఎక్కువభాగమునకు వాడునది నల్లమల, శేషాచలముల రాతిసందులలో ప్రాకు మారేడుకొమ్ములను మరియొక తీగె గడ్డ. అది దక్షిణభారతమున తప్ప వేరెక్కడను పుట్టదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దానిని అంతరించు ప్రమాదముననున్న వానిలో చేర్చినది. అగరువత్తుల పిండి జిగురుపట్టుటకు వాడు నరమామిడి పట్టదియు ఇట్టి కథయే.

చెట్టు చుట్టు పట్టను వలయముగ ఒలిచినచో అదెందులకు చచ్చునో కొంచెము వివరించెదను. వేరులు తీయు నీరు కొయ్యగుండ పైకి పోవును. ఆకులు వండిన ఆహారము పట్ట లోపలి పొరగుండ క్రిందికి దిగును. వలయము తీసినయెడల ఆ త్రోవ తెగును. నీరు పైకి పోవుచునే యుండుటచే చెట్టు కొన్నినెలలు పచ్చగనే కనబడును. పట్ట ఒలిచినవాడు ఏమియు కాలేదని సంతోషించును. లోలోపల వేరులు ఆకలితో చచ్చి, మరుసటి వేసవికో ఆపై వేసవికో చెట్టు ఎండును. చంపినవానికి తాను చంపినట్లు తెలియకపోవుట దీనిలోని విచిత్రము. పట్ట యవసరమైనచో ప్రక్కకొమ్మలనుండి గాని, మ్రానునకు ఒకవైపున నిలువుపేళ్లుగ గాని తీయవలెను. కొడిశ విషయమున ఇంకను మంచి యుపాయమున్నది. దానిని మొదటికి నరికినను మొద్దునుండి పిలకలు వేయును, వేరులనుండియు పిల్లమొక్కలు లేచును. నాలుగైదు మ్రానులు గలచోట ఒకదానిని నరికి, దాని పట్టనంతయు వాడుకొని, పిలకలను పెంచుకొనుచు, తరువాతి పర్యాయము మరియొకదానికి పోయినచో ఆ గుంపు మీ మనుమలకును ఉండును. నిలిచియున్న ప్రతి చెట్టును గీకి చంపుటకంటె ఒక్కదానిని నరకుటయే దయ.

ఇట్లు పద్ధతి మార్చి చెట్టును నిలిపిన యుదాహరణము మన యడవులలోనే యున్నది. తపసిచెట్టు బంకకై పూర్వము గొడ్డలితో లోతుగ గాట్లు కొట్టెడివారు. బంక ఎక్కువ వచ్చును, చెట్టు కుళ్లి పడిపోవును. పిమ్మట చిన్న పనిముట్టుతో పైపైన కొద్దిపాటి గాటుచేసి, గాయము మానుటకు వ్యవధి యిచ్చు పద్ధతిని చెంచులకును, ఇతర గిరిజనులకును నేర్పిరి. శుభ్రమైన బంకకు ధర హెచ్చుగ వచ్చుటచే వారు దానిని పట్టుకొనిరి. 1956లో విశాఖపట్టణమున ఏర్పడిన గిరిజన సహకార సంస్థ యీ బంకను కొనుచున్నది. చెట్టును కాపాడుమని వట్టి మాట చెప్పుటకంటె, కాపాడిన చెట్టు సరుకునకు మంచి వెల యిచ్చుట యెక్కువ పనిచేయునని నా నమ్మకము.

చట్టము లేకపోలేదు. 2002 సంవత్సరపు జీవవైవిధ్య చట్టమునుబట్టి ప్రతి పంచాయతీయందును జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను. ఆ యూరి మొక్కలను, జంతువులను, వానినిగూర్చి ప్రజలకు తెలిసిన సంగతులను ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవినాశ్రయించి బ్రదుకువారికి మూలికలవంటి చిన్న ఫలసాయములపై హక్కు నిచ్చినది. అయినను నేను చూచిన గ్రామపుస్తకములలో కొన్ని ఒకదానికొకటి నకళ్లవలె నుండెను. అడవి లేని మెట్టయూరిలో కొండమొక్కలును, కొండయూరిలో చెరువుగట్టు మొక్కలును వ్రాయబడియుండుట చూచి నవ్వవలెనో విచారింపవలెనో తెలియలేదు. ఊరి పెద్దల నడుగక వ్రాసిన పుస్తకము అట్లుగాక మరియెట్లుండును?

ఆ పుస్తకము మీ పంచాయతీలో నున్నదేమో అడిగి చూడుడు. ఉన్నచో చదివించుకొనుడు, లేనిచో మీరే మొదలుపెట్టింపుడు. పేరు ఒక్కటి వ్రాసిన చాలదని కొడిశ కథవలన మీకు తెలిసినది. పూవో కాయయో గల కొమ్మను మూరెడు కత్తిరించి, ఆకులు ముడుచుకొనకుండ పాతవార్తాపత్రికల నడుమ పరచి, పైన బరువు పెట్టి, తడిసిన కాగితములను ప్రతిదినమును మార్చుచుండిన వారము పదిదినములలో ఎండును. దానిని దళసరి కాగితమునకు కుట్టి, క్రింద ఊరిలో పిలుచు పేరు, దొరికిన చోటు, తేది, వాడుక, ఆ సంగతి చెప్పినవారి పేరు వ్రాయవలెను. ఒక పేరునకు రెండు చెట్లను చూపువారున్నచో రెంటిని తెచ్చి రెండు కాగితములు చేయుడు. వాదించి ఒకదానిని కొట్టివేయకుడు. ఇట్టి కాగితము నొకదానిని సమీపమున నున్న కళాశాల వృక్షశాస్త్ర శాఖకు చూపినయెడల దాని శాస్త్రనామమును వారు చెప్పగలరు.

కొడిశ విత్తనములు కోరువారు చలికాలము వెళ్లునప్పుడు కాయలను కనిపెట్టి యుండవలెను. పండి పగిలిన కాయనుండి దూదిపింజ కట్టిన గింజలు గాలికి ఎగిరిపోవును గనుక, పగులుటకు ముందే కాయలపై పలుచని గుడ్డ కట్టుట మంచిది. ఆ గింజలను ఎక్కువకాలము నిలువయుంచక తొలకరిలో నారుపోసి, మొక్కలు జానెడెత్తయిన పిమ్మట పోరంబోకు గట్లమీదను, గుడితోటలలోను నాటవచ్చును. పాలుగల చేదాకు గనుక పశువులు దానిని అంతగా ముట్టవు.